మా తాతయ్య వాళ్ల తాత ఐరిష్‌వాడా, డచ్చివాడా? చిన్నాన్న వై డీఎన్ఏ ఫలితం వచ్చింది, కాస్త చూడండి

వాల్తేరు మనవరాలు:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, కంచరపాలెం. ఇంట్లో మాట తెలుగు, వంట తెలుగు, ఇంటిపేరు మాత్రం తెల్లవాళ్లది. ఆ పేరు ఇక్కడ రాయను, ఊళ్లో ఆ పేరున్న ఇల్లు మాదొక్కటే. తాతయ్య వాళ్ల తాత తెల్లవాడని మాకందరికీ తెలుసు. ఏ దేశంవాడన్న దగ్గరే తగువు.

నాన్నమ్మ "మనం డచ్చోళ్లం" అనేది. భీమిలి వెళ్లినప్పుడల్లా డచ్చి సమాధుల గేటు దగ్గర ఆపి నాచేత దణ్ణం పెట్టించేది. చిన్నాన్న మాత్రం ఆయన ఐర్లండ్ నుంచి వచ్చిన రైలింజను డ్రైవరని, పేరు జేమ్స్ అని, 1890ల్లో విజయవాడ-కటక్ లైను వేసే రోజుల్లో వాల్తేరులో దిగాడని అంటాడు.

నాన్న పోయి మూడేళ్లయింది. నాకు అన్నదమ్ములు లేరు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది కాబట్టి నా ఉమ్మితో పని జరగదు. మిగిలింది 71 ఏళ్ల చిన్నాన్న ఒక్కడే, ఆయనకి ఇద్దరూ ఆడపిల్లలే. ఈ గీత ఆయనతో ఆగిపోతుంది. నా తొందరంతా అందుకే.

కిట్ వచ్చిన మర్నాడు పొద్దున్నే వెళ్లాను. పరీక్ష అయ్యేదాకా టీ తాగొద్దన్నాను. ఐదున్నరకల్లా టీ పడాల్సిన మనిషి గ్లాసు మీద మూత పెట్టి పక్కకి జరిపి, కుర్చీలో నిటారుగా కూర్చుని నోరు తెరిచాడు. పుల్ల చివర చిన్న బ్రష్ లాంటిది ఉంది. బుగ్గ లోపలివైపు నిమిషంపాటు రుద్దాను. అయ్యాక "మా నాన్న నోట్లోంచి తీసినా ఇదే వచ్చేదా?" అని అడిగాడు. ఇదే చిన్నాన్నా, అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది.

చేయించింది 37 మార్కర్ల పరీక్ష, అంటే వై మీద 37 చోట్ల ఒక చిన్న ముక్క ఎన్నిసార్లు తిరిగొస్తుందో లెక్కపెట్టేది. హాప్లోగ్రూపు, అంటే ఒకే పాతకాలపు మగ పూర్వీకుడి నుంచి వచ్చినవాళ్ల గుంపు, ఆర్-ఎమ్269 అని అంచనా ఇచ్చారు. మొదటి అంకెలు 13, 24, 14, 11, 11-14. ఇదే పరీక్ష చేయించుకున్న మిగతావాళ్లలో 12 మార్కర్ల దగ్గర వందలమంది చిన్నాన్నతో కలిశారు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఇంటిపేరు. 37 దగ్గర నలుగురే మిగిలారు, అందరూ నాలుగు అంకెల తేడాతో. ఆ నలుగురివీ ఐరిష్ పేర్లలా ఉన్నాయి, మా పేరు ఎవరికీ లేదు. అంటే చిన్నాన్న మాటే నిజమా? నాన్నమ్మ చెప్పింది ఒట్టి కథేనా? పాత చర్చి రిజిస్టర్లో జేమ్స్ కోసం రెండుసార్లు వెతికించాను, లేడన్నారు.

తండ్రి గీత:

మేడమ్, ముందు గట్టిగా చెప్పగలిగింది చెప్తాను. మీ మగ గీత యూరప్ నుంచి వచ్చిందనడానికి ఇది బలమైన ఆధారం. ఎమ్269 పశ్చిమ యూరప్ మగవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుంపు, మన దగ్గర చాలా అరుదు. మనవాళ్లలో ఎక్కువగా వచ్చేవి హెచ్, ఆర్1ఏ, ఎల్, ఆర్2, జే2. మీకు ఆర్1ఏ వచ్చి ఉంటే పెద్ద చిక్కే. అది అక్కడా ఇక్కడా ఉంది. యూరప్‌లో జడ్283 కొమ్మ, మన దగ్గర జడ్93 కొమ్మ, ఏదో తేల్చుకోవడానికి ఇంకో పరీక్ష కావాలి. ఆ బాధ మీకు తప్పింది.

ఐరిషా, డచ్చా అన్నది ఎమ్269 చెప్పదు. దాని వయసు 6,000 ఏళ్ల పైమాటే, అప్పటికి ఐర్లండూ లేదు, హాలండూ లేదు. పాత ఎముకల డీఎన్ఏ మీద 2015లో, 2018లో వచ్చిన పరిశోధనలు చూస్తే, నల్ల సముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాల నుంచి దాదాపు 5,000 ఏళ్ల క్రితం జనం పడమటికి కదిలారు. క్రీస్తు పూర్వం 2,400 ప్రాంతంలో బ్రిటన్‌కి చేరినవాళ్లు కొన్ని వందల ఏళ్లలోనే అక్కడి వారసత్వంలో 90 శాతం తామే అయ్యారు. ఆ బ్రిటన్ చేరినవాళ్లకి దగ్గరి చుట్టాలు హాలండ్ వైపే ఉండేవారు. నాన్నమ్మ మాటా, చిన్నాన్న మాటా లోతుకి వెళ్తే ఒకే వేరు దగ్గరికి చేరతాయి.

తేడా తెలియాలంటే కింది కొమ్మలు చూడాలి. యూ106 నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీలో దట్టంగా ఉంటుంది, ఇంగ్లండ్‌లోనూ బాగానే ఉంది. పీ312 కింద మూడు పెద్ద కొమ్మలు: ఎల్21 ఐర్లండ్, వేల్స్, స్కాట్లాండ్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ వైపు. డీఎఫ్27 స్పెయిన్, పోర్చుగల్ వైపు. యూ152 ఆల్ప్స్, ఉత్తర ఇటలీ, ఫ్రాన్స్ వైపు. మీకు ఎల్21 వస్తే చిన్నాన్న మాటకి బలం, యూ106 వస్తే నాన్నమ్మ మాటకి బలం. బలం అంటున్నాను, తీర్పు కాదు.

ఇక మీ అంకెలు. 13-24-14-11 అన్నది పడమటి యూరప్‌లో అన్నిటికంటే మామూలు వరస. విశాఖలో శ్రీనివాస్ అనే పేరున్న ఇద్దరు కలిస్తే చుట్టాలని అనుకోం కదా, ఇదీ అంతే. 12 మార్కర్ల జాబితా ఇక తెరవకండి. 37 దగ్గర నాలుగు తేడాలంటే ఉమ్మడి తాత ఎన్నో వందల ఏళ్ల వెనక ఉండొచ్చు. పైగా ఈ పరీక్షలు ఎక్కువగా చేయించుకునేది అమెరికాలో, అందులో ఐర్లండ్, బ్రిటన్ మూలాలవాళ్లు చాలామంది. డచ్చివాళ్లు తక్కువ. అడిగిన ఊళ్లోంచే జవాబు వస్తుంది, అడగని ఊరు మాట్లాడదు. ఆ నలుగురి పేర్లు చూసి మాత్రం నిర్ణయానికి రాకండి.

నా సలహా, డబ్బు కుదిరితే పూర్తి వై సీక్వెన్సింగ్‌కి, అంటే వైని కొన్ని చోట్లే కాకుండా వీలైనంత మొత్తం చదివే పరీక్షకి, వెళ్లండి. అందులో సుమారు 80 ఏళ్లకొక కొత్త మ్యుటేషన్ (డీఎన్ఏలో చిన్న మార్పు) పట్టుబడుతుంది, అందుకే నాలుగైదు వందల ఏళ్ల లోపలి కొమ్మదాకా దిగొచ్చు. పాత నమూనా ల్యాబులో మిగిలి ఉందేమో అడగండి, చిన్నాన్నకి మళ్లీ శ్రమ ఉండదు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. చిన్నాన్నకే మామూలు ఆటోసోమల్ పరీక్ష (అమ్మ, నాన్న ఇద్దరి వైపు నుంచీ వచ్చే మిగతా క్రోమోజోములని చూసేది) కూడా చేయించండి. వై చెప్పేది గీత, కాలం చెప్పేది ఇది. ఆ తెల్లాయన చిన్నాన్నకి ముత్తాత అయితే సగటున 12.5 శాతం యూరప్ వాటా కనిపించాలి. భీమిలి డచ్చివాళ్లు అంతకంటే చాలా పాతవాళ్లు. 17వ శతాబ్దంలో వచ్చారు, 1824 ఒప్పందంతో వదిలి వెళ్లారు. 1700 నాటి డచ్చాయన అయితే ఈపాటికి తొమ్మిది తరాలు దాటి ఉంటాయి, అర శాతం కూడా మిగలదు. మధ్యలో ఆంగ్లో ఇండియన్ సంబంధాలు చేసుకుని ఉంటే లెక్క మారుతుంది, అది ఇంట్లో కనుక్కోండి.

పాత గార్డు:

అమ్మా, నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను, మర్రిపాలెంలో ఉంటాను. డీఎన్ఏ నాకు తెలీదు, రిజిస్టర్లు తెలుసు. ఆయన ఐరిష్ అయితే కాథలిక్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇక్కడి కాథలిక్ మిషన్‌ని 1846లో అన్నెసీ (ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఊరు) నుంచి వచ్చిన ఫాదర్లు నడిపారు. ఆ కాలం కాథలిక్ రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి. అందులో జేమ్స్ అని ఉండదమ్మా, జాకోబస్ అని ఉంటుంది. విలియం అయితే గులియెల్మస్, ప్యాట్రిక్ అయితే పట్రీషియస్. వెతికినవాళ్లని తప్పుపట్టను, జే దగ్గర జేమ్స్ చూసి మూసేసి ఉంటారు. మళ్లీ వెళ్లి మీరే పేజీలు తిప్పండి.

అప్పట్లో మనది మద్రాసు ప్రెసిడెన్సీ. బాప్టిజం, పెళ్లి, సమాధి లెక్కల నకళ్లు లండన్‌కి వెళ్లేవి. బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరసలో ఉంటాయి. ఐర్లండ్‌లో ఊరి పేరు తెలిస్తే అక్కడి నేషనల్ లైబ్రరీ కాథలిక్ రిజిస్టర్లని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది.

మన రాజ్యాంగం 366(2)లో ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో రాశారు, చూడండి. తండ్రి గానీ, మగ గీతలో పైవాళ్లెవరైనా గానీ యూరప్ సంతతి అయి ఉండాలి. మీరు చేయించిన పరీక్ష పట్టుకునేదీ సరిగ్గా ఆ గీతనే.

భీమిలి గాలి:

ఒక్క జాగ్రత్త చెప్తాను. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఎముకలు దొరికాక 2014లో వై పరీక్ష ఫలితాలు వచ్చాయి. కాగితాల ప్రకారం అదే మగ గీతలో ఉండాల్సిన ఇప్పటివాళ్ల వై ఆయనతో కలవలేదు. మధ్యలో ఎక్కడో గీత తెగింది. పెంపకం, మారుతండ్రి పేరు, ఏదైనా కావచ్చు. రాజుల ఇంట్లోనే అలా జరిగింది. ముందుకి వెళ్లేముందు ఏ జవాబు వచ్చినా ఫర్వాలేదా అని చిన్నాన్నని ఒకసారి అడగండి.

వాల్తేరు మనవరాలు:

అందరికీ చేతులెత్తి దణ్ణం. ముందు చిన్నాన్నని అడిగాను. "ఏదైనా రానీ, నేనున్నప్పుడే రావాలి" అన్నాడు. రెండు పరీక్షలూ ఆర్డర్ పెట్టాను.

గార్డుగారూ, నిన్న మళ్లీ వెళ్లాను. జాకోబస్ దొరికాడు! 1896, మా తాతయ్య తండ్రి బాప్టిజం. సిరా గోధుమ రంగుకి తిరిగింది, కానీ మా ఇంటిపేరు అక్షరం అక్షరం చదవొచ్చు. తండ్రి జాకోబస్, వృత్తి రైల్వే. పుట్టిన ఊరు రాయలేదు. తల్లి పేరు మరియ. ఆమె ఇంటిపేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేశారు.

ఆ ఖాళీ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. ఆమె ఏ ఊరి తెలుగమ్మాయో! జాకోబస్ కోసం ఇన్ని పరీక్షలున్నాయి. మరియ కోసం వెతుకుదామంటే వై అక్కర్లేదు, తల్లి వైపు మైటోకాండ్రియా డీఎన్ఏ కావాలి. అది ఆమె నుంచి కొడుక్కి వచ్చింది గానీ ఆయన దగ్గరే ఆగిపోయింది, మాదాకా రాలేదు. ఆమె కూతుళ్లు, కూతుళ్ల కూతుళ్లు ఎవరైనా ఉంటేనే దారి.

అదే రిజిస్టర్లో 1899లో ఒక కూతురు కనిపించింది. పెళ్లయ్యాక ఖరగ్‌పూర్ రైల్వే కాలనీకి వెళ్లిందని చిన్నాన్న చెప్పాడు, ఆ తర్వాత ఉత్తరాలు లేవు. ఖరగ్‌పూర్ పాత కుటుంబాలు తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఇంటిపేరు విడిగా చెప్తాను.