అప్‌డేట్: పనల మీద తడిసిన వరికి బీమా డబ్బులు పడ్డాయి

కోసి పనల మీద ఉన్న మా నాన్న వరి అకాల వర్షానికి తడిసి మొలకెత్తిందని, ఊళ్లో మిగతా దిగుబడి బాగుంది కాబట్టి ఫసల్ బీమా (కేంద్ర ప్రభుత్వ పంటల బీమా పథకం) రాదంటున్నారని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. వచ్చింది!

ఊరంతటి సగటు దిగుబడి లెక్క మామూలు నష్టానికే. కోసి ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు విడిగా కవర్ ఉంటుంది, కానీ ఆ సీజన్‌కు రాష్ట్రం నోటిఫై చేసి ఉండాలి. మాకు ఉంది. ఇక్కడ చాలామంది చెప్పినట్టు 72 గంటల్లోపే పంటల బీమా హెల్ప్‌లైన్ 14447కి ఫోన్ చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదైన నంబర్) తీసుకున్నాం. మమ్మల్ని కాపాడింది ఆ నంబరే. సర్వేకి వచ్చినతను "ఫిర్యాదు ఆలస్యంగా వచ్చింది" అనగానే నాన్న జేబులోంచి ఆ నంబర్ రాసుకున్న చీటీ తీసి చూపించారు. ఆ తర్వాత వ్యవసాయాధికారి, అతను, నాన్న ముగ్గురూ ఫారం మీద సంతకాలు పెట్టారు. నష్టం శాతం గడి ఖాళీగా ఉంటే సంతకం చేయకండి, నింపించాకే చేయండి. ఫారానికి ఫొటో కూడా తీసుకోండి.

మధ్యలో బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ లేక డబ్బు ఆగింది, చాలా టెన్షన్ పడ్డాం. రబీ వరికి రైతు కట్టేది బీమా మొత్తంలో 1.5 శాతమే, దానికి ఈ పరిహారం మాకు పెద్ద ఊరట.

ఇన్‌పుట్ సబ్సిడీ (పంట నష్టానికి ప్రభుత్వం నేరుగా ఇచ్చే సాయం) మాత్రం వేరు. 33 శాతం పైన నష్టపోయిన వాళ్ల జాబితాలో నాన్న పేరు ఉంది, అది ఇంకా రావాలి.