పొలం దగ్గర ఓల్టేజ్ 335కి పడిపోతోంది: లోపం ట్రాన్స్‌ఫార్మర్‌లోనా, 11 కేవీ లైన్‌లోనా?

నేను బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాను, పొలం హోస్కోటె దాటాక ఉంది, బోరుకు 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు. నెల రోజులుగా పొద్దున 6 నుంచి 9 మధ్య స్టార్టర్ టక్కుమని కొట్టేసుకుని మోటారు ఆగిపోతోంది, ఒక్కోసారి ఆన్ చేసిన రెండు నిమిషాలకే. టమాటా పూత మీద ఉంది, నీళ్లు ఆగితే రాలిపోతుందని నాన్నకు ఒకటే టెన్షన్.

రిలే మార్చాం, కేబుల్, జాయింట్లు చూపించాం, కెపాసిటర్ కొత్తది వేశాం. అయినా అంతే. మోటారు దగ్గర 415 ఉండాల్సిన చోట 335 వస్తోంది, మూడు ఫేజులూ దాదాపు సమానమే. రాత్రి 11 తర్వాత అయితే 405.

మాది 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 66/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి సుమారు 9 కిలోమీటర్లు, ఫీడర్‌లో (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే 11 కేవీ లైన్‌లో) దాదాపు చివరిది. లైన్‌మన్ పొద్దున 7 గంటలకు దాని ఎల్‌టీ వైపు (మాకు కరెంటు ఇచ్చే తక్కువ ఓల్టేజ్ వైపు) చూస్తే 365 ఉంది, టాంగ్ టెస్టర్‌లో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్) ఫేజుకు 80 ఆంపులు (ఫుల్ లోడ్ 84 అన్నాడు). అంటే 30 ఓల్టులు మా ఎల్‌టీ లైన్‌లో పోతున్నాయి, అది అర్థమైంది. సబ్‌స్టేషన్‌లో అడిగితే తమ దగ్గర 11 కేవీ సరిగ్గానే ఉందన్నారు.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కోసం అర్జీ పెట్టబోతున్నాం, కానీ 11 కేవీ లైన్‌లోనే పడిపోతుంటే అది వచ్చినా లాభం లేదు కదా. 365 దేనివల్లో తేల్చడానికి లైన్‌మన్‌తో ఎక్కడ, ఏ టైమ్‌లో, ఏ రీడింగ్ తీయించాలి?