అప్‌డేట్: కోపెన్‌హాగన్ ఎయిర్‌పోర్టు బేకరీలో గుడ్డు లేని టిఫిన్

కోపెన్‌హాగన్‌లో పొద్దున్నే ఫ్లైట్ మారేటప్పుడు, గుడ్డు ముట్టని మా అత్తయ్యగారికి అక్కడి డేనిష్ బేకరీలో ఏం పెట్టించాలని అడిగాను కదా, పనైపోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. బాగా పనికొచ్చింది ఏంటంటే, "ఇది వెజిటేరియనేనా" అని కాకుండా అలర్జీల లిస్టు చూపించమనడం. యూరోపియన్ యూనియన్‌లో గుడ్డు, పాలు, నట్స్‌తో సహా 14 పదార్థాల గురించి షాపువాళ్లు చెప్పి తీరాలి, అది చట్టం. కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ ఇటు తిప్పింది: దాల్చినచెక్క రోల్‌లో గుడ్డు, మధ్యలో పసుపుపచ్చ కస్టర్డ్ ఉన్న స్పాండవర్‌లో గుడ్డు, గసగసాలు చల్లినదాంట్లోనూ గుడ్డే! చివరికి రుగ్‌బ్రోడ్ అనే నల్లటి రై బ్రెడ్, దానిమీద వెన్న, జామ్. పుల్లగా, గింజలు పంటికింద పడుతూ ఉంటుంది. "ఎండిన జొన్నరొట్టెలా ఉందే" అంటూనే అత్తయ్యగారు మొత్తం తినేశారు. డేనిష్ క్రోనర్లు మార్చుకోవాలా అన్న టెన్షన్ మాత్రం అనవసరం, కార్డు చాలు. కాఫీ రేటు అడక్కండి. ఇంకోటి, చీజ్ చేయడానికి పాలు గడ్డకట్టించే జంతువుల రెన్నెట్ (దూడల కడుపులోంచి తీసేది) ఆ 14లో లేదు, పట్టింపు ఉన్నవాళ్లు విడిగా అడగాలి.