ఓపెన్‌కాస్ట్ గని రూపకల్పన: ముందు కాగితమా, సాఫ్ట్‌వేరా?

మైనింగ్ విద్యార్థి, కొత్తగూడెం
నమస్కారం. మాకు సర్పాక్ అనే గని రూపకల్పన సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నారు. సీనియర్లు మాత్రం ముందు చేతితో సెక్షన్లు (నేలను నిలువుగా కోసినట్టు చూపే పటాలు) గీసి, బొగ్గునూ దాని పైనున్న మట్టీ రాయినీ (ఓబీ) లెక్కగట్టమంటున్నారు. ఉద్యోగంలో ఎవరూ చేతితో గీయనప్పుడు ఈ శ్రమ అవసరమా?

ప్లానింగ్ ఇంజనీరు
అవసరం లేదని నా అభిప్రాయం. గుంత అంతిమ హద్దును తేల్చడానికి లెర్చ్స్, గ్రాస్‌మన్ 1965లో ప్రచురించిన పద్ధతిని నేలను లక్షల చిన్న బ్లాకులుగా విభజించిన మోడల్‌పై చేతితో నడపడం అసాధ్యం. ఖనిజం ధర మారితే ఆ హద్దు ఎంత జరుగుతుందో కాగితం మీద పదేపదే గీసి చూసే ఓపిక ఎవరికుంటుంది?

విశ్రాంత గని మేనేజరు
ఆ పద్ధతి గొప్పదే, కాని అది ఇచ్చేది హద్దు మాత్రమే. అందులో గోడకు మెట్లలా ఉండే బెంచీలూ ఉండవు, డంపర్లు దిగే రోడ్డూ ఉండదు. వాలు కోణాన్ని కూడా మనమే ఇస్తాం కనుక అది తప్పయితే హద్దూ తప్పే.

ఒక లెక్క చూడండి. 120 మీటర్ల లోతు గోడను 45 డిగ్రీల వాలుతో గీస్తే పై అంచు అడుగు నుంచి 120 మీటర్లు వెనక్కి ఉంటుంది. ఆ గోడలో డంపర్లు తిరిగే 30 మీటర్ల వెడల్పు హాల్ రోడ్డు ఒక్కసారి వెళ్లినా పై అంచు 150 మీటర్లకు జరిగి, మొత్తం వాలు దాదాపు 39 డిగ్రీలకు పడిపోతుంది. రోడ్డు సగటున సగం ఎత్తులో ఉందనుకుంటే, దానికి పైనున్న 60 మీటర్ల గోడంతా వెనక్కి జరగాలి కనుక, గోడ పొడవులో ప్రతి మీటరుకూ 1,800 ఘనపు మీటర్ల రాయిని అదనంగా తీయాలి. కిలోమీటరుకు అది 18 లక్షల ఘనపు మీటర్లు. పై అంచును కదపకూడదంటే అడుగున బొగ్గును వదులుకోవాలి. ఈ సెక్షన్‌ను ఒకసారి తన చేతితో గీసిన విద్యార్థికి, తెర మీద స్ట్రిప్పింగ్ రేషియో (టన్ను బొగ్గుకు తీయాల్సిన ఓబీ) ఎందుకు పెరిగిందో వేరే చెప్పనక్కర్లేదు.

ప్లానింగ్ ఇంజనీరు
లెక్క ఒప్పుకుంటున్నానండి. అయితే అదే రోడ్డును సాఫ్ట్‌వేర్‌లో మూడు గోడల మీద పెట్టి చూస్తే తేడా ఒక్క పూటలో తెలుస్తుంది. చేతి సెక్షన్ ఒకటి చాలు, దానికి సెమిస్టరంతా అక్కర్లేదు.

విశ్రాంత గని మేనేజరు
ఒకటి చాలదు. మన గోదావరి లోయలో బొగ్గు పొరలు ఏటవాలుగా దిగుతాయి, వాటిని ఫాల్టులు (రాతి పొరలు విరిగి జారిన చోట్లు) తెంపుతాయి. రెండు బోర్ల మధ్య ఫాల్టు ఉందని మనం గుర్తించి చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ ఆ పొరను నునుపుగా కలిపి చూపిస్తుంది, టన్నుల లెక్కా దాని ప్రకారమే వస్తుంది. అందుకే ఫాల్టును అడ్డంగా దాటే సెక్షన్‌ను బోర్‌హోల్ రికార్డుల నుంచి విద్యార్థి చేత గీయించిన తరువాతే మోడల్ కట్టించాలి.