అప్‌డేట్: చీమకుర్తి పలకలో పగులు లెక్క కుదిరింది

చీమకుర్తి నల్ల గ్రానైట్ పలకలో పగులు పెరుగుదలను కంప్యూటర్‌లో లెక్కిస్తుంటే, మెష్‌ను (లెక్క కోసం పలకను విడగొట్టిన చిన్న గడుల వలను) సన్నం చేసేకొద్దీ పగులు మొన దగ్గర ప్రతిబలం (ఒక్కో యూనిట్ వైశాల్యంపై పనిచేసే బలం) అంతూపొంతూ లేకుండా పెరుగుతోందని, తప్పెక్కడో చెప్పమని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను. తప్పేమీ లేదు! రేఖీయ స్థితిస్థాపక సిద్ధాంతంలో (బలానికి తగ్గట్టే పదార్థం సాగి, బలం తీస్తే మొదటి ఆకారానికి వస్తుందని అనుకునే లెక్కలో) మొన దగ్గర ప్రతిబలం అనంతమే.

మీరన్నట్టే మొన దగ్గరి ప్రతిబలాన్ని వదిలి, 1921లో బ్రిటిష్ ఇంజినీరు గ్రిఫిత్ చూపిన దారిలో శక్తిని లెక్కించాను. పగులు కొంచెం సాగితే విడుదలయ్యే శక్తి, కొత్త ఉపరితలాలు ఏర్పడడానికి కావలసినంత ఉంటేనే పగులు కదులుతుంది. మెష్ ఎంత మార్చినా విడుదలయ్యే శక్తి విలువ నిలకడగా ఉంది. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

పగులు పొడవు 4 రెట్లయితే పలక తట్టుకునే ప్రతిబలం సగమవుతోంది. పగులు పలక అంచుకు చేరువైతే ఇంకా తక్కువ. క్వారీలో పనిచేసే మా మామయ్య పలకను తట్టి, చప్పుడును బట్టే పగులు పసిగడతారు. పగులు పొడవును బట్టి ఈ ప్రతిబలం ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫు మొదట ఆయనకే చూపించాను.

ఖనిజ రేణువుల మధ్య పగులు వంకర తిరగడం ఇంకా లెక్కలోకి తేవాలి. వచ్చే వారం మొదలుపెడుతున్నాను.