టెక్సాస్‌లో చుక్కల దుప్పి వేట: లైసెన్సు, సామాను, మాంసం సంగతులు

పాలమూరు_ప్లేనో
అందరికీ నమస్తే. మే చివర్లో ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి కెర్‌విల్ దగ్గర ఒక రాంచ్‌కి (పెద్ద ప్రైవేటు పశువుల పొలం) యాక్సిస్ డీర్ వేటకు వెళ్తున్నాం. యాక్సిస్ అంటే మన చుక్కల దుప్పే. కొమ్ముల మీద మోజు లేదు, మాంసం కోసం ఆడవాటికే బుక్ చేసుకున్నాం. మిగతా ఇద్దరికీ రైఫిళ్లు ఉన్నాయి, నాకు లేదు. రాంచ్ వాళ్లు అద్దెకు ఇస్తామన్నారు. నావి రెండు సందేహాలు. నేను హెచ్‌-1బి మీద ఉన్నాను, రైఫిల్ పట్టుకుంటే చట్టప్రకారం ఏమైనా ఇబ్బందా? రెండోది సామాను. షాపుకి వెళ్తే కామో (అడవిలో కలిసిపోయే మచ్చల డిజైన్) ప్యాంటు, జాకెట్టు, వాసన తెలియకుండా కొట్టుకునే స్ప్రే, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్, బైనాక్యులర్స్, బూట్లు కలిపి వెయ్యి డాలర్లు దాటేలా ఉంది. వీటిలో ఏవి కొనాలి, ఏవి వదిలేయొచ్చు? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

హిల్‌కంట్రీ_బాబాయ్
ముందు కాగితాల సంగతి తేల్చుకో తమ్ముడూ, సామాను తర్వాత. హెచ్‌-1బి, ఎఫ్‌-1, ఎల్‌-1, ఏ నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లయినా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఒక మినహాయింపు ఉంది. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు నీ దగ్గర ఉంటే పట్టుకోవచ్చు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు. "అద్దెదే కదా, నాది కాదు కదా" అంటే కుదరదు, చేతిలో ఉంటే చాలు. కాబట్టి షూటింగ్ రేంజ్‌కి ప్రాక్టీసుకు వెళ్లే ముందే లైసెన్సు తీసుకో.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి. టెక్సాస్ లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది. నువ్వు మేలో కొన్నా సరే ఆగస్టు 31 వరకే. రేపు నువ్వే రైఫిల్ కొని ఇంట్లో పెట్టుకున్నావనుకో, సెప్టెంబర్‌లో లైసెన్సు రెన్యూ చేయకపోతే బీరువాలో ఉన్న రైఫిల్ వల్లే వీసాకి ఎసరు వస్తుంది. ఆగస్టు 15 నుంచి కొత్త లైసెన్సులు అమ్ముతారు, అప్పుడే తీసుకోవాలి. నీ స్టేటస్ మధ్యలో మారుతున్నా, ఏదైనా పెండింగ్‌లో ఉన్నా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగే ముందుకెళ్లు.

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 నిండినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. తప్పదు కాబట్టి చేయడం అనుకోవద్దు, శ్రద్ధగా చెయ్యి. గొట్టం ఎటు చూపాలి, ట్రిగ్గర్ మీద వేలు ఎప్పుడు పెట్టాలి, గురి వెనకాల ఏముందో ఎందుకు చూసుకోవాలి, అన్నీ అందులోనే ఉంటాయి.

కరీంనగర్2ఆస్టిన్
బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను రైఫిల్ కొన్నప్పుడు షాపులో ఫారం నింపేటప్పుడు వేట లైసెన్సు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) నంబరు రెండూ అడిగారు.

ఇక యాక్సిస్ గురించి. వీటిని 1932లో టెక్సాస్‌కి తెచ్చారు. ఇప్పుడు కంచెలు దాటి హిల్ కంట్రీ (కెర్‌విల్ చుట్టూ ఉన్న కొండ ప్రాంతం) అంతా సొంతంగా తిరుగుతున్నాయి. ఇవి ఇక్కడి జంతువులు కావు కాబట్టి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలనే లెక్కా లేదు. లైసెన్సు, భూమి యజమాని అనుమతి మాత్రం ఉండాలి. రోడ్డు మీద నిలబడి కొట్టడం నేరం. ఇక్కడి సొంత జింక వైట్‌టెయిల్‌కి అలా కాదు. దానికి సీజన్ ఉంటుంది, కౌంటీని బట్టి లెక్క ఉంటుంది, కొట్టిన వెంటనే లైసెన్సులోని ట్యాగ్ చింపి కట్టాలి. దూరం నుంచి ఆడ యాక్సిస్, వైట్‌టెయిల్ ఒకేలా ఉన్నాయని కొత్తవాళ్లు తికమక పడతారు. చుక్కలు చూడు. వైట్‌టెయిల్ పిల్లలకే చుక్కలుంటాయి, పెద్దయ్యాక పోతాయి. యాక్సిస్‌కి బతికినన్నాళ్లూ ఉంటాయి, గొంతు కింద తెల్లగా ఉంటుంది. మేలో వైట్‌టెయిల్ సీజన్ ఉండదు కాబట్టి ఇక్కడ పొరపాటు పడితే కుదరదు.

నా లెక్కలో డబ్బు పెట్టాల్సినవి బైనాక్యులర్స్, బూట్లు, కూలర్ (మాంసానికి ఐస్ పెట్టె). మిగతావన్నీ తర్వాతే.

బైనాక్యులర్స్ 8×42 తీసుకో. 10×42 అయితే దూరంగా ఉన్నవి పెద్దగా కనిపిస్తాయి గానీ చెయ్యి వణికితే బొమ్మ కూడా వణుకుతుంది. 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ వెలుతురు పట్టేది అదే, యాక్సిస్ మేతకు తిరిగేదీ ఆ టైంలోనే. దయచేసి రైఫిల్ స్కోప్‌తో వెతకొద్దు. స్కోప్ ఎటు తిరిగితే గొట్టమూ అటే తిరుగుతుంది, అక్కడ మీ ఫ్రెండే నిలబడి ఉండొచ్చు.

పాలమూరు_ప్లేనో
థాంక్స్ బాబాయ్, థాంక్స్ అన్నా. కోర్సు ఈ వారాంతమే మొదలుపెడతా. మరి కామో అక్కర్లేదా?

కరీంనగర్2ఆస్టిన్
కామో ఉంటే మంచిదే, లేకపోతే కొంప మునగదు. జింకల కంటికి ఎరుపు, ఆరెంజ్ సరిగా తెలియవు, మసకగా కనిపిస్తాయి. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే జీన్స్ వద్దు. ఖాకీ, ఆకుపచ్చ, బూడిద రంగు పాత ప్యాంటు, ఫుల్ చేతుల పల్చటి చొక్కా చాలు. ఉతికేటప్పుడు తెల్లగా మెరిపించే పౌడర్లు వాడకు, వాటిలో కలిపే బ్రైటెనర్ల వల్ల బట్ట జింక కంటికి కాంతిగా కనబడుతుంది.

రంగు కంటే కదలిక ముఖ్యం. యాక్సిస్ మందలుగా తిరుగుతాయి. ఇరవై జతల కళ్లలో ఒక జత నిన్ను చూస్తే చాలు, గట్టిగా అరిచి మందనంతా లేపుతుంది. నల్లమలలోనో తాడోబాలోనో సఫారీకి వెళ్లినవాళ్లు పులి కదిలినప్పుడు వినే అరుపు అదే. టెక్సాస్‌లో పులి లేకపోయినా ఆ అలవాటు పోలేదు.

స్ప్రే మీద డబ్బు పోయొద్దు. గాలి నీ వైపు నుంచి వాటివైపు వీస్తుంటే ఏ స్ప్రే కొట్టుకున్నా లాభం లేదు. చిన్న డబ్బాలో టాల్కమ్ పౌడర్ పట్టుకెళ్లి చిటికెడు వదిలి చూడు, గాలి ఎటుందో తెలిసిపోతుంది.

నంద్యాల_అడవి
నేను అమెరికాలో లేను, నంద్యాల నుంచి రాస్తున్నాను. మీరంతా ఎంత మామూలుగా మాట్లాడుకుంటున్నారో చూస్తే బాధగా ఉంది. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. కృష్ణజింక మా ఆంధ్ర రాష్ట్ర జంతువు. మా రోళ్లపాడులో జింకలు చేలో పడి పంట తింటున్నా రైతులు తరుముతారే గానీ చంపరు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఇక్కడ వేట నేరం. కృష్ణజింకను చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అక్కడ చట్టం ఒప్పుకుంటుంది సరే, మీ మనసు ఎలా ఒప్పుకుంటోంది?

హిల్‌కంట్రీ_బాబాయ్
మీ ప్రశ్నకు కోపం రాలేదు, నిజాయితీగా జవాబు చెప్తాను. నేను ఇండియాలో ఉంటే మీ పక్కనే నిలబడతాను. అక్కడ దుప్పి పులికి, చిరుతకు, రేచుకుక్కకు ఆహారం. మనం దుప్పిని చంపితే పులి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే.

ఇక్కడ పరిస్థితి వేరు. యాక్సిస్‌ను మనుషులే తెచ్చి వదిలారు. దాన్ని అదుపులో పెట్టే పులీ లేదు, రేచుకుక్కా లేదు. ఇది గడ్డీ తింటుంది, గడ్డి అయిపోతే ఆకులూ కొమ్మలూ తింటుంది. ఇక్కడి వైట్‌టెయిల్‌ గడ్డి మీద బతకలేదు, దానికి ఆకులే కావాలి. కరువు వస్తే ముందు మాడేది వైట్‌టెయిలే. ఏటి గట్ల మీద మొక్కలు కూడా ఇవి లేవనివ్వవు, గట్లు కోసుకుపోతాయి. అందుకే రాంచ్ వాళ్లు ఆడవాటిని తగ్గించమంటారు. ఇవి చలిదేశపు జంతువులు కావు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఎన్నో చచ్చిపోయాయి. పొలం గట్ల మీద పడి ఉన్నవి నేను చూశాను. అలా చావడం కంటే ఒక్క గురితో పోవడం నయం అనిపించింది. మీకు ఒప్పుదల కాకపోవచ్చు, అదీ నాకు అర్థమవుతుంది.

ఈ మాట మీద మిగతావాళ్లకూ ఒకటి చెప్పాలి. కొమ్ములు గుర్తుగా ఇండియాకు పట్టుకెళ్దామనే ఆలోచన వద్దే వద్దు. అక్కడ దుప్పి కొమ్ము ఇంట్లో దొరికితే అటవీశాఖ కేసు పెడుతుంది.

నంద్యాల_అడవి
ఓపికగా చెప్పినందుకు థాంక్స్ అండీ. నా మనసు మారలేదు గానీ అక్కడి లెక్క వేరని తెలిసింది. కనీసం గాయపడి పారిపోయినదాన్ని వదిలేసి రాకండి.

గుంటూరు_గ్రాండ్‌రాపిడ్స్
ఆయన చివరి మాట పట్టుకునే రాస్తున్నా. నేను మిచిగన్‌లో వైట్‌టెయిల్ వేటకు వెళ్తాను. గురి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా.

అద్దె రైఫిల్ అయినా సరే, వెళ్లిన రోజే వంద గజాల దగ్గర కాగితం మీద కాల్చి చూడాలి. తూటా సైజు .243, 6.5 క్రీడ్‌మోర్, .308, ఏదైనా దుప్పికి సరిపోతుంది. కొత్తవాళ్లకు భుజానికి తగిలే దెబ్బ తక్కువగా ఉండే మొదటి రెండూ మేలు. జంతువు పక్కకు తిరిగి నిలబడినప్పుడే, ముందు కాలి వెనకాల, ఒంట్లో కింది మూడో వంతు దగ్గర గురి పెట్టాలి. గుండె, ఊపిరితిత్తులు అక్కడుంటాయి. మందలో ఒకదాని వెనకాల ఇంకొకటి ఉంటే ఆగాలి, తూటా మొదటిదాన్ని దాటి రెండోదానికి తగులుతుంది. నిలబడి చేతులతో కాల్చొద్దు. షూటింగ్ స్టిక్స్ (రైఫిల్ ఆనించే కర్రలు) మీద ఆనించాలి. కామో జాకెట్టు డబ్బులతో అవి కొనుక్కో.

తగిలాక వెంటనే పరిగెత్తకు. నెత్తురు లేత గులాబీ రంగులో నురగగా ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది, అరగంట ఆగితే చాలు. నల్లటి ఎరుపైతే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. ఆకుపచ్చగా, కంపు కొడుతూ ఉంటే పొట్ట. దానికి ఇంకా ఎక్కువసేపు ఆగి, రాంచ్ వాళ్లను కుక్కతో పిలవాలి. తొందరపడి తరిమితే అది ఎక్కడికో పోయి నరకం పడుతుంది.

మా దగ్గర తుపాకీ సీజన్ నవంబర్ 15 నుంచి 30 వరకు, చలి ఎముకలు కొరుకుతుంది. నాలాంటి చలి రాష్ట్రాలవాళ్లు చదువుతుంటే: ఒంటికి ఆనుకునే బట్ట కాటన్ వద్దు, తడిస్తే ఆరదు. మెరీనో ఉన్ని కొనండి. రెండు జతల సాక్సులు బిగించి బూటు వేసుకుంటే నెత్తురు ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, ఒక మందపాటి జత, కొంచెం వదులు బూటు చాలు. చెట్టు మీద స్టాండ్ ఎక్కేవాళ్లు నేల మీద కాలు ఉన్నప్పటి నుంచే హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ బెల్టు) తాడుకి తగిలించుకోవాలి. ఇక్కడ ఆరెంజ్ తప్పనిసరి. టెక్సాస్ ప్రైవేటు భూమిలో చట్టం అడగదు గానీ మీరు ముగ్గురు కదా, ఆరెంజ్ టోపీ పెట్టుకోండి. జింకకు అది ఎలాగూ తెలియదు.

కాకినాడ_కేటీ
వేట మా ఆయన చేస్తారు, ఆ తర్వాత పనంతా నాదే. అందుకని కూలర్ గురించి నేనే చెప్తాను. మేలో హిల్ కంట్రీలో 90 డిగ్రీలు (ఫారెన్‌హీట్) మామూలే. మాంసాన్ని 40 డిగ్రీల లోపుకి ఎంత త్వరగా దించితే అంత మంచిది. ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు పేగులు తీసి, తోలు వొలిచి, కాళ్లు విడగొట్టి ఐస్‌లో పెట్టేయాలి. 65, 70 క్వార్ట్‌ల (క్వార్ట్ అంటే దాదాపు లీటరు) కూలర్ ఒక ఆడ దుప్పికి సరిపోతుంది, ముగ్గురికి మూడు కావాలి. ఐస్ ముందే కొనిపెట్టుకోండి, రాంచ్ నుంచి షాపు చాలా దూరం ఉంటుంది. కూలర్ అడుగు బిరడా తీసి, కొంచెం వాలుగా పెట్టండి. మాంసం నెత్తుటి నీళ్లలో నానితే రుచి పాడవుతుంది, జనం "అడవి వాసన" అనేది చాలావరకు దీని వల్లే.

యాక్సిస్ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, వాసనా ఉండదు. మటన్‌లా వండితే గట్టిపడుతుంది. కండ మీది తెల్లటి పొర కత్తితో పూర్తిగా తీసేయాలి, ఎంత ఉడికించినా అది మెత్తబడదు. వెన్ను పక్కన పొడుగు కండను పెద్ద మంట మీద త్వరగా వేపుడు చేసేయాలి. తొడలు, భుజాలు పెరుగు, పచ్చి బొప్పాయి పట్టించి రాత్రంతా ఉంచి, కుక్కర్లో నూనె కాస్త ఎక్కువ వేసి ఇగురు పెడతాను. గోంగూరతో అద్భుతంగా ఉంటుంది. మిగిలింది ఉప్పు, కారం, పసుపు పట్టించి ఓవెన్‌లో సన్న సెగన ఎండు తునకలు చేస్తాను. కీమా చేయించేటప్పుడు కొవ్వు కలపమని చెప్పండి, లేకపోతే పొడిపొడిగా ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే రాగి తూటాలు అడగండి, సీసం తూటా పగిలి సన్నటి ముక్కలు మాంసంలో మిగిలిపోతాయి.

కరీంనగర్2ఆస్టిన్
పిడుదుల సంగతి ఎవరూ రాయలేదు. పెర్మెత్రిన్ (పురుగుల మందు) 0.5 శాతం స్ప్రే ముందు రోజే బట్టలకు, బూట్లకు కొట్టి ఆరబెట్టాలి, ఒంటికి రాయకూడదు. లోన్‌స్టార్ పిడుదు కరిస్తే కొందరికి మాంసం తింటేనే అలర్జీ వచ్చే జబ్బు వస్తుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న మాంసం జన్మలో తినలేకపోతే ఎలా? ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. రాత్రి స్నానం చేసేటప్పుడు చంకలు, నడుము, మోకాళ్ల వెనక వెతుక్కోండి. బూట్లు చీలమండ దాటి పైదాకా ఉండాలి. రాళ్లు, నాగజెముడు ముళ్లు, గిలకపాములు (రాటిల్‌స్నేక్‌లు) అన్నీ ఉంటాయి. కొత్త బూట్లు రెండు వారాల ముందు నుంచే వేసుకు తిరగండి.

పాలమూరు_ప్లేనో
అందరికీ చాలా థాంక్స్. లిస్టు మార్చేశాను. కామో, స్ప్రే, రేంజ్‌ఫైండర్ కొట్టేశాను. బైనాక్యులర్స్ 8×42, బూట్లు, షూటింగ్ స్టిక్స్, ఆరెంజ్ టోపీలు, పెర్మెత్రిన్ కొంటున్నా. కూలర్లు ఫ్రెండ్స్ దగ్గర రెండున్నాయి, ఒకటి కొంటే సరిపోతుంది. లైసెన్సు వచ్చాకే రేంజ్‌కి వెళ్తా. ఒక్క చివరి ప్రశ్న: ఎంత దూరం నుంచి కాల్చొచ్చు?

గుంటూరు_గ్రాండ్‌రాపిడ్స్
రేంజ్‌లో స్టిక్స్ మీద ఆనించి, వరసగా ఐదు తూటాలూ చిన్న పేపర్ ప్లేటులో పడే దూరం ఎంతో చూసుకో. నీ హద్దు అదే. మొదటిసారి వంద గజాలు దాటొద్దు. రాంచ్ గైడ్ "ఇంకా దూరమైనా పర్లేదు" అన్నా నువ్వు వద్దని చెప్పు.

హిల్‌కంట్రీ_బాబాయ్
లైసెన్సు కాగితం జేబులోనే పెట్టుకో, ఫోన్‌లో ఫోటో మీద ఆధారపడకు. ఆ కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.