బీమా గడువు దాటిన 12 రోజులకు ప్రమాదం: పరిహారం ఎవరు కట్టాలి?

ప్రశ్న (కరీంనగర్ నుంచి):
నమస్కారం. నా పేరున ఉన్న కారును రెండేళ్లుగా మా బావమరిది వాడుకుంటున్నాడు. పోయిన నెల ఒక ఉదయం అతను బైకును ఢీకొట్టగా, దానిపై వెళ్తున్న 32 ఏళ్ల ఎలక్ట్రీషియన్‌కు కాలు విరిగి రాడ్డు వేయవలసి వచ్చింది. అప్పటికి బీమా గడువు ముగిసి 12 రోజులైంది. 90 రోజుల వెసులుబాటు ఉంటుందన్న ధీమాతో ఆ సాయంత్రమే రెన్యువల్ చేయించాను. బాధితుని తరఫువారు 4 లక్షలిస్తే స్టాంపు కాగితం మీద రాజీ రాసిస్తామంటున్నారు. నడిపింది నేను కానప్పుడు భారం నాపై ఎంతవరకు పడుతుంది?

జవాబు 1 (న్యాయవాది):
ఆ 90 రోజులు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దక్కే తగ్గింపు) పోకుండా కాపాడేవే గాని, ఆ వ్యవధిలో జరిగిన ప్రమాదానికి బీమా రక్షణ ఇచ్చేవి కావండి. సాయంత్రం తీసుకున్న పాలసీ ఉదయం జరిగినదానికి వర్తించదు. దానిని చూపే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. బీమా లేనప్పుడు ట్రైబ్యునల్ (మోటారు ప్రమాద పరిహారాలను తేల్చే న్యాయస్థానం) తేల్చిన పరిహారానికి డ్రైవరు, యజమాని ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులవుతారు. బండి ఎవరి చేతిలో ఉన్నా ఆర్‌సీలో పేరున్నవారినే యజమానిగా చూడాలని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మొత్తం సొమ్మును మీ ఒక్కరి దగ్గరే రాబట్టుకునే వీలుంది.

4 లక్షలు ఎక్కువనిపించవచ్చు గాని, ఒకసారి లెక్క చూడండి. అతని ఆదాయం నెలకు 15,000 అనుకుందాం. కాలి గాయం వల్ల సంపాదనాశక్తి 20 శాతం తగ్గిందని ట్రైబ్యునల్ నమ్మితే, ఆ వయసుకు సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు ప్రకారం వాడే గుణకం (ఏడాది నష్టాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 16 గనుక, ఆ ఒక్క పద్దు కిందే 5,76,000 అవుతుంది. ఆసుపత్రి ఖర్చు, బాధకు పరిహారం, వడ్డీ దీనికి అదనం.

జవాబు 2:
రాజీ తప్పు కాదు, కాని స్టాంపు కాగితాన్ని నమ్ముకోకండి. అది రాసిచ్చాక కూడా వారు ట్రైబ్యునల్‌కు వెళ్లగలరు. వారి చేత క్లెయిమ్ వేయించి లోక్ అదాలత్‌లో రాజీ నమోదు చేయించుకుంటే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. ఈలోగా ఇచ్చే ప్రతి రూపాయినీ బ్యాంకు ద్వారానో, నేరుగా ఆసుపత్రికో చెల్లించి రశీదు దాచుకోండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండి. కారు పోలీసు స్టేషన్‌లోనే ఉంది. కట్టకుండా ఊరుకుంటే ఏమవుతుంది?

జవాబు 1 (న్యాయవాది):
తగిన పూచీ చూపనిదే ప్రమాదం నాటికి బీమా లేని బండిని కోర్టు విడుదల చేయరాదు. మూడు నెలల్లో చూపకపోతే వేలం వేసి ఆ సొమ్మును ట్రైబ్యునల్‌లో జమ చేసేలా నిబంధన తెమ్మని 2018లోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. వేలం సొమ్ము చాలనప్పుడు, ట్రైబ్యునల్ ఇచ్చే సర్టిఫికెట్ మీద కలెక్టరు మిగిలినదాన్ని భూమిశిస్తు బకాయిలాగే మీ ఆస్తి నుంచి వసూలు చేస్తారు. మీ బావమరిది వాటా సంగతి మీ కుటుంబంలో తేల్చుకోవలసిందే. బాధితుడు అంతవరకు ఆగవలసిన పనిలేదు.